ఉప్పు ఋణమునకు మేర యెంత?

(యానాములోని గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమునకు శుభము పలుకుటకు నన్ను పిలిచిన పెద్దలకు కృతజ్ఞుడను. ఇట్టి సభలలో వక్తలు పుస్తక పఠనము వలని లాభములను గూర్చి చెప్పుట వాడుక. పుస్తకము విలువ యెరిగిన మీకు దానిని మరల చెప్పుట గోదావరి యొడ్డున కూర్చున్నవానికి చెంబుతో నీరు తెచ్చియిచ్చుట వంటిది. కావున నేను వేరొక విషయము నెత్తుకొనుచున్నాను.

ఏ ఊరి గ్రంథాలయమునకైనను ప్రొద్దుటనే వచ్చి, పత్రిక చేత బట్టి, మొట్టమొదట ఉద్యోగ ప్రకటనల పుట తెరచు యువకులు కొందరుందురు. వారిలో ఉద్యోగము లేనివారు కొందరు. ఉన్న ఉద్యోగమును విడువవచ్చునా, విడిచినచో పాపమా, నలుగురు ఏమందురో యని లోలోపల మథనపడువారు మరికొందరు. మొదటివారికి సలహా చెప్పువారు చాలమంది యున్నారు. రెండవవారికి చెప్పువారు తక్కువ. చెప్పినను ‘అన్నము పెట్టిన చేతిని విడువకుము’ అనియో, ‘నీ లాభము నీవు చూచుకొమ్ము’ అనియో ఒక్కముక్కలో తేల్చి పంపుదురు. ఈ రెండు మాటలును సగము సగము సత్యములు. పూర్తి సత్యము వాటి నడుమ నెక్కడనో యున్నది. దానిని మీతో కలిసి వెదకవలెనని నా కోరిక.

ఉప్పు తిన్నవానికి విశ్వాస ముండవలెనని మన పెద్దల మాట. మంచి మాటయే. అయితే పని మానుకొని పోవువానిని చూచి ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టినాడు’ అని నిందించుట కూడ మనలో నలవాటు. ఈ సామెతను కొంచెము నిదానించి చూడుడు. వాసాలు లెక్కపెట్టుట యనగా, అన్నము పెట్టినవాని యింటిని ఏ దారిని దోచుకొందునా యని తినుచునే లెక్కలు వేయుట. అది ద్రోహము. కాని భోజనము ముగించి, చేయి కడుగుకొని, ఇంటివారికి నమస్కరించి, వీధివాకిట తిన్నగా వెడలిపోవువాడు వాసాలు లెక్కపెట్టినవాడు కాడు. ఈ రెంటిని ఒక్కటిగా చూచుటయే మన చిక్కులలో పెద్ద చిక్కు.

నేను చెప్పదలచినది ఒక్కటే. విడిచిపోవు స్వాతంత్ర్యమున్న చోటనే విశ్వాసమునకు విలువ గలదు. తలుపునకు తాళము వేసి లోపల నుంచినవాని నిలకడకు విశ్వాసమని పేరు పెట్టరాదు. అట్లే, తలుపు తెరచియున్నది గదా యని పోవుచు పోవుచు పొయ్యిలో నీరు పోసి పోవుటకు స్వాతంత్ర్యమని పేరు పెట్టరాదు.

ఈ ప్రశ్న నేటిది కాదు. మహాభారతమునం దిది కావలసినంత యున్నది. యుద్ధారంభ దినమున ధర్మరాజు కవచము విడిచి, కాలినడకన కౌరవసేనలోనికి పోయి తాతకు మ్రొక్కెను. అప్పుడు భీష్ముడు, తాను కౌరవుల యర్థమునకు బద్ధుడనని, కావున వారి పక్షమున పోరక తప్పదని చెప్పెను. ద్రోణుడును, కృపుడును అదే కారణము చెప్పిరి. ధర్మ మేదియో వారికి తెలియును. జయ మెవరికి కావలెనో తెలియును. అయినను తిన్న అన్నము కాళ్లకు చుట్టుకొన్నది. నిండుసభలో ద్రౌపదికి పరాభవము జరిగిన నాడును ఆ అన్నమే వారి నోళ్లకు అడ్డుపడినది. ఇది మొదటి మార్గము: తప్పని తెలిసియు నిలిచిపోవుట.

రెండవది శల్యుని మార్గము. ఆయన దుర్యోధనుని ఆతిథ్యమునకు చిక్కి ఆ పక్షమున చేరెను. కర్ణుని రథమునకు సారథి యయ్యెను. కాని ధర్మరాజునకు ముందిచ్చిన మాట చొప్పున, పగ్గములు పట్టుకొనియే కర్ణుని మనసు విరుగునట్లు మాటలాడెను. కొలువు విడువక, కొలువులోనే యుండి దానిని చెరచుట ఇది.

మూడవది యుయుత్సుని మార్గము. ఈయన ధృతరాష్ట్రుని కుమారుడే. ఇరుసేనల నడుమ నిలిచి ధర్మరాజు, తమ పక్షమునకు రాగోరువారు రావచ్చునని పిలువగా, ఈయన అందరును చూచుచుండగా పట్టపగలు ఇవతలికి నడచివచ్చెను. చీకటిచాటున రాలేదు; సగము యుద్ధములో దొరతనము తారుమారైన పిమ్మట రాలేదు. ఆయన నెవరును ద్రోహి యనలేదు. కడపట పాండవులు మహాప్రస్థానమునకు పోవునాడు, పరీక్షిత్తును కనిపెట్టి రాజ్యభారము చూచుకొనుమని ఈయనకే అప్పగించిరి. విడిచివచ్చిన వానియందే అంతటి నమ్మకము! ఎందువలన? ఆయన విడిచిన తీరు వలన.

మన కార్యాలయములలోను, దుకాణములలోను భీష్ములున్నారు. శల్యులు మరింత మెండుగా నున్నారు. యుయుత్సులు అరుదు. యజమానిని రోజంతయు తిట్టుచు, పని సగము చేయుచు, ముప్పదియేండ్లు అక్కడనే కూర్చున్నవాడు విశ్వాసపాత్రుడనియు, ఒక నెల ముందుగా చెప్పి లెక్కలప్పగించి పోయినవాడు కృతఘ్నుడనియు మనము తలచుచున్నాము. ఇది తలక్రిందులైన తీర్పు గాదా?

పురాణములు చాలును. ఇక మన ఊరికి వచ్చెదను. ‘ఉద్యోగము విడుచుట’ అను మాటకు ఈ యానాములో ఉన్నంత చరిత్ర మరి యే చిన్న ఊరికైనను ఉన్నదో లేదో సందేహము.

1828వ సంవత్సరమున ‘లా తుర్క్వాజ్’ అను ఓడ పదునైదుగురు తెలుగు కూలీలను యానాము నుండి బూర్బోను దీవికి చేర్చెను. నేడు దానినే రీయూనియను దీవి యనుచున్నారు. ఒప్పందము మీద ఆ దీవి చెరకుతోటలకు పోయిన భారతీయులలో వారు మొదటివారు. అటుపిమ్మట రెండేండ్లలో వేలకొలది జనమును తీసికొనిపోయిరి. చూచుటకు అది ఉద్యోగమే. జీతమున్నది, గడువున్నది, కాగితమున్నది. లేనిదొక్కటే: నచ్చనప్పుడు విడిచి వచ్చు దారి. చుట్టును సముద్రము. పనికి పోకున్న శిక్ష. ఇక్కడనుండి కొరంగి రేవు మీదుగా మారిషసు దీవికి పోయిన మనవారిని అక్కడ ‘కొరంగీలు’ అని పిలిచిరి. ఆ దీవిలో ఒక దినము పనికి రాకున్న రెండు దినముల జీతము కోయు పద్ధతి యుండెను. దానిని ‘రెట్టింపు కోత’ యనిరి. ఒప్పందము ముగిసిన పాతకాపులు సైతము చీటి చేతిలో లేనిదే వీధిలో తిరుగరాదు. 1871లో అక్కడి పాత వలసదారులు 9,401 మంది సంతకములతో అర్జీ పెట్టుకొనిరి. ఆ మరుసటి యేడు విచారణ సంఘము వచ్చినది. అయినను ఆ రెట్టింపు కోత 1909 వరకు పోలేదు.

ఆ తోటల దొరలు తమ కూలీలను విశ్వాసము గలవారనియే చెప్పుకొని యుందురు. సముద్రము నడుమ కాపలాపెట్టి నిలిపినవాని యందు విశ్వాసమున్నదో లేదో ఎట్లు తెలియును?

ఇక్కడ మరియొక చిత్రము గలదు. ఆ కాలమున యానామును ఏలినది ఫ్రెంచివారు. వారి 1804 నాటి పౌరస్మృతిలో 1780వ నిబంధన ఒకటి యున్నది. మనుష్యుడు తన సేవను కొంత కాలమునకు గాని, ఒక నిర్ణీతమైన పనికి గాని ఒప్పుకొనవచ్చునే కాని, జన్మాంతము తన్ను తాను అమ్ముకొనరాదని దాని సారము. ఎంత గొప్ప మాట! కాని దాని ప్రక్కనే, 1781వ నిబంధనలో, జీతము ముట్టినదా లేదా యను తగవు వచ్చినప్పుడు యజమాని మాటనే నమ్మవలెనని వ్రాసిరి. ఆ రెండవ నిబంధనను 1868లో గాని తీసివేయలేదు. అంతకుమున్ను 1803లోనే పనివాండ్రకు ‘లివ్రే’ అను చిన్న పుస్తకము ఏర్పాటు చేసియుండిరి. పనివాడు విడిచిపోవలెనన్న, ఆ పుస్తకముమీద యజమాని సంతకము చేసి తిరిగి యియ్యవలెను. అది లేనిదే మరియొకచోట పని దొరకదు. చట్టము ‘నీవు స్వతంత్రుడవు’ అనును. పుస్తకము మాత్రము దొరగారి బీరువాలో నుండును. ఫ్రాన్సు దేశముననే ఆ పుస్తకము 1890 వరకు నిలిచినది.

ఫ్రెంచివారిని మాత్రమే అననేల? కాలువ దాటి ఆవల నున్న బ్రిటిషు ఇండియాలో 1859 నాటి చట్టమొకటి యుండెను. బయానా పుచ్చుకొన్న పనివాడు పని మానినచో మేజిస్ట్రేటు పనికి పొమ్మని ఆజ్ఞాపించును. పోకున్న మూడు నెలల వరకు ఖైదు. యజమాని జీత మియ్యకున్న ఇట్టి ఖైదు లేదు! దానిని 1925లో రద్దుచేసిరి. ఆ తరువాత సైతము పల్లెలలో పాలేరు బాకీ, ఆ బాకీకి వడ్డి, తండ్రి బాకీకి కొడుకు చాకిరి పోలేదు. మన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చి, బాకీ చూపి మనుష్యుని కట్టివేయరాదని తేల్చినది. ఈ దేశములో సామాన్యుడు ‘నేను పోవుదును’ అని నోరు తెరచి చెప్పుటకు ఎన్నేండ్లు పట్టినదో చూచితిరి గదా! అట్టి హక్కును కృతఘ్నత యని కొట్టివేయుట మన పూర్వుల కన్నీటిని మరచుటయే.

ఇక 1954వ సంవత్సరము. ఈ ఊరివారు మరువరాని పేరు దడాల రఫేల్ రమణయ్యగారిది. ఆయన 1908లో పుట్టినవారు. ఒకప్పుడు ఫ్రెంచి ప్రభుత్వపు పోలీసు శాఖలో అధికారిగా పనిచేసిరి. అట్టివారే తరువాత ఆ ప్రభుత్వమున కెదురు నిలిచి, విమోచనోద్యమమునకు నాయకులలో ఒకరై, 1954 జూన్ 13వ తేదీన వాలంటీర్లతో యానాములో ప్రవేశించి, ఇక్కడి ఫ్రెంచి పాలనను ముగించిరి. ఫ్రెంచి పక్షమువారు ఆయనను ఏమని తలచియుందురో ఊహించుట కష్టము కాదు. ‘మా ఉప్పు తిన్నవాడు’ అనియే గదా!

అయితే ఆ ఉప్పు ఎవరిది? ఈ ప్రశ్న వేయవలెను. 1815 నాటి ఒడంబడికలో ఫ్రెంచివారు తమ స్థావరములలో తయారగు ఉప్పును గూర్చిన ప్రత్యేక హక్కులను ఇంగ్లీషు కంపెనీవారికిచ్చి, అందుకు బదులుగా ఏటేట 4 లక్షల సిక్కా రూపాయలు పుచ్చుకొనుటకు ఒప్పుకొనిరి. ఈ నేల ఉప్పును గూర్చిన బేరము ఈ నేలవారి నడుగకయే జరిగినది. ఆ ఖజానాకు చేరిన పన్నులలో ఈ ఊరి రైతుది, ఈ ఊరి వర్తకునిది, ఈ ఊరి నేతగానిది కలదు. జీతము పంచియిచ్చిన చేయి గవర్నరుది. అందులోని చెమట ప్రజలది. ప్రభుత్వోద్యోగి తినునది ప్రజల ఉప్పు. పంచిపెట్టు చేయి ప్రజలకు ప్రతికూలమైన నాడు, విశ్వాస మెవరికి చెల్లవలెనో చెప్పుటకు పెద్ద శాస్త్ర మక్కరలేదు. ఈ మాట నేటి ప్రభుత్వోద్యోగికిని వర్తించును. పై అధికారి తప్పుడు లెక్క వ్రాయుమన్నప్పుడు, ‘ఆయన నా అధికారి’ అనుకొనుట కంటె ‘నా జీత మెవరిది?’ అని తలచుకొనుట మేలు.

దీనిని రెండు దేశములును తుదకు అంగీకరించిన విధము చూడుడు. 1954 అక్టోబరు 21వ తేదీ ఒప్పందము ననుసరించి నవంబరు 1వ తేదీన పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాము భారత ప్రభుత్వపు పాలనలోనికి వచ్చినవి. స్థానికముగా పనిచేయు ఉద్యోగులను, పోలీసు బలములతో సహా, భారత ప్రభుత్వము తన కొలువులోనికి తీసికొనవలెననియు, వారి జీతములు, పింఛను హక్కులు మునుపటివలెనే యుండవలెననియు అందు వ్రాసికొనిరి. 1956 మే 28న సంధి జరిగి, అది 1962 ఆగస్టు 16న ధ్రువపడినప్పుడు, ఫ్రెంచి జాతీయతను నిలుపుకొనగోరువారు ఆరు నెలలలో ఆ సంగతి తెలుపుకొనుటకు వీలు గల్పించిరి. కొందరు అటు కోరుకొనిరి. అత్యధికులు ఇటే నిలిచిరి. ఒకే వీధిలో, ఒకే యింటిలో సైతము అన్నదమ్ములు చెరియొక దారి పట్టిన ఊళ్లు ఇవి. ఎవరిని ఎవరును ద్రోహి యనలేదు. దారి తెరచి, గడువిచ్చి, పింఛను కాపాడినప్పుడు విడిపోవుట యింత సాఫీగా జరుగునని యానాము లోకమునకు చూపినది.

పై కథలలో యజమాని దుర్మార్గుడని, పనివాడు సాధువని నే నన్నట్లు తోచవచ్చును. అట్లు కాదు. కాని విశ్వాసమన్నది ఒకవైపు నుండి మాత్రమే అడుగు వస్తువు కాదని చెప్పక తప్పదు. మన పల్లెల కరణములను, మునసబులను తలచుకొనుడు. 1921–22 సంవత్సరములలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతమున పన్నుల నిరాకరణోద్యమము సాగినప్పుడు, తరతరముల గ్రామోద్యోగములను కాదని అనేకులు రాజీనామాలిచ్చిరి. తమ చేతితో తమ ఊరివారి గొంతు పట్టుకొనజాలమని వారి అభిప్రాయము. అది విశ్వాసమునకు మేర తెలిసిన త్యాగము. ఇక మరియొక ప్రక్క చూడుడు. తాత తండ్రుల నాటినుండి దొరతనమునకు దస్త్రము మోసిన కుటుంబముల కొలువులను 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒక్క ఆజ్ఞతో తీసివేసినది. ఆ సంస్కరణము మంచిదా చెడ్డదా యను చర్చ వేరు; వంశపారంపర్యపు అధికారము పోవలసినదే యన్నవారు చాలమంది. నేను చూపదలచినది ఇంతే: అవసరము తీరినప్పుడు యజమాని విడువగలడు. ‘ఓడ దాటువరకు ఓడమల్లయ్య, దాటిన పిమ్మట బోడిమల్లయ్య’ అను సామెత పనివాని కెంత వర్తించునో యజమాని కంతయే వర్తించును. విడుచు హక్కు అటున్నప్పుడు ఇటు లేదనుట ధర్మము కాదు.

గ్రంథాలయ సభలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని తలపక పోరాదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రసంగించిన దినములలో, హరిసర్వోత్తమరావుగారు అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో విద్యార్థి. వందేమాతర ఉద్యమము కారణముగా ఆయనను కళాశాలనుండి వెడలగొట్టిరి; సర్కారు కొలువు తలుపు మూసికొనిపోయినది. తల వంచియుండినచో సుఖముగా పింఛను పుచ్చుకొనెడివారు. వంచలేదు. బెజవాడనుండి పత్రిక నడపిరి, కారాగారమున కేగిరి, తిరిగివచ్చి ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమునకు మూలస్తంభములలో ఒకరైరి. ఒక కొలువు పోయినంత మాత్రమున మనుష్యుని పని పోదని చెప్పుటకు ఇంతకంటె దృష్టాంత మేల? అయితే ఆ దారిలో ముండ్లు లేవని నేను చెప్పను. కొలువు విడుచువాడు వెల చెల్లించును. ఆ వెల యెంతయో ముందుగా లెక్కించుకొనవలెను.

ఇక నేటి సంగతి. మన గోదావరి జిల్లాల నుండి ఎందరో ఆడపడుచులు ఇంటిపనులకై గల్ఫు దేశములకు పోయిరి, పోవుచున్నారు. అక్కడ ‘కఫాలా’ అను పద్ధతి చొప్పున పనివారి వీసా యజమానితో ముడిపడియుండుట చిరకాలపు ఆచారము. ఇల్లు విడిచి వెలుపలికి వచ్చినచో ‘పరారీ’ యని కేసు. పాసుపోర్టు దొరసాని పెట్టెలో. ఖతారు దేశము 2020లో, యజమాని అనుమతి పత్రము లేకుండ పని మారవచ్చునని నియమము మార్చినది. మంచిదే. కాని 1828 నాటి ఓడ ఇంకను పూర్తిగా ఒడ్డు చేరలేదని మనమెరుగవలెను. పోవు అక్కచెల్లెండ్రకు నా మనవి: పాసుపోర్టు నకలు, ఒప్పందపు నకలు ఇంటివద్ద ఒకటి యుంచి పొండు. భారత రాయబార కార్యాలయపు ఫోను నెంబరు కాగితముమీద వ్రాసికొని పొండు. అది అవిశ్వాసము కాదు, జాగ్రత్త.

మన దేశములోనే కొన్ని కంపెనీలు, కొన్ని విద్యాసంస్థలు పనిలో చేరువారి అసలు సర్టిఫికెట్లు పుచ్చుకొని బీరువాలో నుంచుట విందుము. పేరు మారినది గాని ఇది ఆ ‘లివ్రే’ పుస్తకమే. బలవంతముగా ఒకనిచేత నౌకరి చేయింపుమని న్యాయస్థానము ఆజ్ఞాపింపదు. నష్టము నిజముగా జరిగినచో పరిహారము మాత్రమే అడుగవచ్చును. అయితే దీనికి రెండవ ముఖము కూడ చూడుడు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు వ్యాజ్యమున, మూడేండ్లలోపల విడిచిపోయిన అధికారి 2 లక్షల రూపాయలు చెల్లింపవలెనను షరతు చెల్లునని తీర్పు చెప్పినది. కావున సంతకము చేయుటకు ముందు చదువుడు. తెలియకున్న తెలిసినవారిచేత చదివించుకొనుడు. మాట యిచ్చి చేసిన సంతకమునకు విలువ కట్టియే పోవలెను. స్వాతంత్ర్యమనగా బాకీ యెగవేయుట కాదు.

ఈ యానాములోనే 2012 జనవరి 27వ తేదీన జరిగిన ఘోరమును చెప్పక దాటవేయుట పిరికితనము. రీజెన్సీ సిరామిక్సు కర్మాగారమున జీతముల తగవు ముదిరి, ఒక కార్మిక నాయకుని ప్రాణము పోయినది, ఆ ఆవేశములో కంపెనీ ఉన్నతాధికారి యొకరి ప్రాణమును పోయినది, కర్మాగారము మూతపడినది, ఎన్నో కుటుంబముల పొయ్యి ఆరినది. ఎవరిది తప్పని తీర్పు చెప్పుట నా పని కాదు. రెండిండ్లలో దీపములారినవి. దీనినుండి నేర్వవలసిన దొకటి గలదు. విశ్వాసము పగ వచ్చిన నాడు వెదకిన దొరుకునది కాదు. మాట వినుటకు ఒక చెవి, విడిచిపోవుటకు ఒక దారి, ఈ రెండును ముందునుండి యున్న చోట తగవు ఇంత దూరము పోదు. చెప్పుకొన దారి లేక, విడిచిపోవ దారి లేక, కొలువే బ్రతుకంతయు అయినప్పుడు, ప్రేమయు పగయు మితి మీరును.

ఇన్ని చెప్పితివి, విడువవలసిన సమయము నెట్లెరుగుటయని మీరడుగవచ్చును. నాకు తోచినది చెప్పెదను. యజమాని మన కాలమును కొనును. మన నేర్పును కొనును. చేసిన వాగ్దానము చొప్పున మన జాగ్రత్తను, రహస్యపాలనను కొనును. వీటిలో కొరత చేసినచో మనది తప్పు. కాని ఆయన మన మనస్సాక్షిని కొనలేదు; మన బిడ్డల చదువును, ముసలి తల్లిదండ్రుల మందును కొనలేదు; మనము ఎదుగు హక్కును కొనలేదు. అబద్ధపు తూకము తూయుమన్న నాడు, ఇతరుల అన్నములో మట్టి గొట్టుమన్న నాడు విడుచుట హక్కు మాత్రమే కాదు, విధి. జీతము నెలల తరబడి ముట్టకున్నచో, ‘పొమ్మనలేక పొగబెట్టుచున్నారు’ అని గ్రహించి వేరుదారి చూచుకొనుట తప్పు కాదు. ఇక ఎక్కువ జీతమునకై పోవుట? అదియును తప్పు కాదు. వడ్లకు మంచి ధర వచ్చు అంగడికి రైతు పోవుట తప్పు కానప్పుడు, చెమటకు మంచి ధర వెదకుట తప్పెట్లగును?

కాని కోపము వచ్చిన పూట విడువవద్దు. ఒక రాత్రి నిద్రించి, ఉదయమున ఇంట్లోనివారితో చెప్పి, అప్పుడు నిర్ణయింపుడు. ముందుగా తప్పును యజమానితో ముఖాముఖి చెప్పుడు. విభీషణుడు సైతము చెప్పవలసినంత చెప్పిన పిమ్మటనే లంక విడిచెను. విడువదలచినచో గడువు ప్రకారము నోటీసు ఇండు. తాళములు, లెక్కలు, సరకు ఒక్కొక్కటిగా అప్పగించి చీటి పుచ్చుకొండు. తరువాత వచ్చువానికి పని చూపుడు. పంట కోతల నడుమ, కట్ట తెగిన వేళ, యజమాని యింట చావు వచ్చిన దినమున విడువవద్దు. పోయిన చోట పాత యజమాని గుట్టు అమ్ముకొనవద్దు. మీకు రావలసినది మాత్రము మొగమాటము లేక అడుగుడు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టమే, ఐదేండ్లు ఎడతెగక పనిచేసి తనంతట తాను రాజీనామా చేసినవానికి సైతము ఏడాదికి పదునైదు దినముల జీతము చొప్పున ఇయ్యవలెనని నియమించినది. పోవువానికి గౌరవముగా ఈ మూట కట్టియియ్యవలెనని చట్టమే యెరిగినప్పుడు మనుష్యులు మరువనేల?

ఈ సభలో మిల్లుల యజమానులు, దుకాణదారులు, పాలేర్లను పెట్టుకొన్న రైతులు ఉన్నారు. వారికొక విన్నపము. మీ గుమాస్తా పోవుదునన్నప్పుడు మొదట కోపము వచ్చుట సహజము. ఆ కోపము దిగిన పిమ్మట ఒక్కమాట తలచుకొనుడు: వాడు ఇన్నాళ్లు ఉండినది మీ తాళము వలన కాదు, మీ మంచి వలన. నాలుగు మంచి మాటలు చెప్పి, బాకీ లేకుండ లెక్క తీర్చి పంపుడు. అట్టి యింటికి మరల పనివాండ్రు వరుస కట్టుదురు. పోయినవాడు పదిచోట్ల మీ పేరు చెప్పును. తిట్టి పంపినచో అదియును పదిచోట్ల చెప్పును.

తుదిగా ఈ గ్రంథాలయమును చూడుడు. చందాదారుడు ఏ నెల కా నెల మానివేయవచ్చును. ఎవరును బాండు వ్రాయించుకొనలేదు. ఎవరి సర్టిఫికెట్టును బీరువాలో పెట్టి తాళము వేయలేదు. బీరువాలలో నున్నవి పుస్తకములు మాత్రమే; వాటి తాళము కూడ అడిగినవారికి తీయుటకే. అయినను ఇరువదియైదేండ్లు జనము వచ్చుచునే యున్నారు. పుస్తకము తీసికొనిపోయినవాడు గడువులో తెచ్చి యిచ్చుచున్నాడు; ఆలస్యమైన రుసుము చెల్లించుచున్నాడు; చదివిన పుటలు చింపలేదు. విశ్వాసమన్న ఇది. స్వేచ్ఛగా వచ్చుట, మాట నిలుపుకొనుట, తీసికొన్నదానిని చెడగొట్టక తిరిగి యిచ్చుట. మన కొలువులన్నియు ఈ పాటి నీతికి వచ్చిన నాడు, విడిచిపోవువానికి కంటనీరు గాని, విడువబడినవానికి కడుపుమంట గాని ఉండదు.

ఈ సంస్థ స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, మన ఊరి పిల్లలు ‘ఉద్యోగము విడువవచ్చునా?’ అని భయపడుచు గాక, ‘ఎట్లు విడిచిన మర్యాద?’ అని ఆలోచించుచు ఈ బల్లల చుట్టును కూర్చుండవలెనని కోరుకొనుచున్నాను.